పట్టాలు పోయినా బండి నడుస్తోంది

తెలుగులో రైలూ బండే, నేను లాగే చేతిబండీ బండే. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని కేటీ ట్రైల్ రైలుబండి పోయిన దారి. పొడవు సుమారు 240 మైళ్ళు. గుడారం, వంటసామాను, నీళ్ళు రెండు చక్రాల బండిలో వేసుకుని దాని మీద నడుస్తాను. రైలు నిటారుగా ఎక్కలేదు కదా, అందుకే దారి చాలావరకు మిస్సోరి నది పక్కన చదునుగా ఉంటుంది. బరువు తెలియదు.

1986లో ఇక్కడ రైళ్ళు ఆగిపోయాయి. నేల ముక్కలై పొలాల్లో కలిసిపోవాల్సింది. కానీ 1983 నాటి ఒక చట్టం అడ్డుపడింది: రైలు మళ్ళీ రావచ్చు, అంతవరకు జనం నడవచ్చు అని.

పట్టాలంటే రైలు కమ్మీలు. పట్టా అంటే భూమి హక్కు కాగితం కూడా. ఇక్కడ ఇనుప పట్టాలు పోయాక కాగితం పట్టాల గొడవ మొదలైంది. పక్క రైతులు "ఈ నేల మాది" అని కోర్టుకెక్కారు. దారి నిలిచింది. 1990లో రోష్‌పోర్ట్ దగ్గర మొదటి భాగం తెరిచారు. కొందరు రైతులకు ప్రభుత్వం పరిహారం ఇవ్వాలని 2000లో ఒక కోర్టు చెప్పింది. అది న్యాయమే అనుకుంటాను.

మధ్యలో ఒక్క మైలు తెగినా ఈ బండి లారీల మధ్య హైవే ఎక్కాల్సి వచ్చేది.