హోం ప్లేటు దగ్గర పునర్విచారణ

1955 సెప్టెంబర్ 28న యాంకీ స్టేడియంలో, వరల్డ్ సిరీస్ తొలి ఆటలో, బ్రూక్లిన్ ఆటగాడు జాకీ రాబిన్సన్ మూడో బేస్ నుంచి హోం ప్లేటుకు దూసుకొచ్చాడు. అంపైర్ బిల్ సమ్మర్స్ ‘సేఫ్’ అన్నాడు. క్యాచర్ యోగీ బెర్రా అక్కడికక్కడే విరుచుకుపడ్డాడు. రాబిన్సన్ అవుటేనన్న వాదనను 2015లో కన్నుమూసే దాకా వదల్లేదు. ఆ దృశ్యం ఫిల్ముకెక్కింది గాని, నాటి నిబంధనల్లో ఫిల్ముకు సాక్షి హోదా లేదు.

ఆ హోదా 2008లో దక్కింది, అదీ హోం రన్ల వరకే. హోం ప్లేటు దాకా రావడానికి 2014 పట్టింది. ఇప్పుడు న్యూయార్క్‌లో కూర్చున్న అంపైర్లు దృశ్యాలు చూసి తేలుస్తారు.

తగవు మాత్రం తీరలేదు. 2021 ఏప్రిల్ 11న అట్లాంటాలో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు 6-6గా ఉండగా, ఫిలడెల్ఫియా ఆటగాడు అలెక్ బోమ్ ప్లేటు వైపు జారాడు. అతని పాదం ప్లేటును తాకనేలేదని టీవీలో చూసిన చాలామంది నమ్మారు. అయినా ‘సేఫ్’ నిలిచింది. ఫిలడెల్ఫియా 7-6తో గెలిచింది. సమీక్షకులు వెతికేది మైదానంలోని తీర్పును తిరగరాయగల స్పష్టమైన ఆధారాన్ని. అది దొరకకపోతే మొదటి మాటే చెల్లుతుంది. అప్పీలు కోర్టుల పద్ధతీ ఇంచుమించు ఇదే. ఆ రోజు అంపైర్ ‘అవుట్’ అని ఉంటే, బహుశా అదీ నిలిచేది.

ఈ లెక్కన 1955 నాటి ఫిల్మును నేడు న్యూయార్క్‌కు పంపినా సమ్మర్స్ మాటే చెల్లుతుందనుకోవాలి. బెర్రా ఒప్పుకునేవాడు కాదు.