మర్ఫా

హైదరాబాద్ పెళ్లి ఊరేగింపుల్లో వినిపించే తాళవాద్య సంగీతం. తూర్పు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు దీన్ని దక్కనులో నిలబెట్టారు. ఈ రెండు వర్గాలవారూ నిజాం కొలువులో సైనికులుగా పనిచేశారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే నేటి ఏ.సి. గార్డ్స్ బస్తీకి మిగిలింది. 1948లో సంస్థానం భారత్‌లో కలిశాక సైనిక కొలువులు పోయాయి. వాద్యమే కొన్ని కుటుంబాలకు బతుకుతెరువైంది.

ఇందులో పాట కంటే దరువుదే పెత్తనం. మెడకు తగిలించుకున్న చిన్న నగారాలను సన్నటి పుల్లలతో వాయిస్తారు. డఫ్, ఢోలక్ తోడవుతాయి. స్టీలు బిందె మీద పడే దెబ్బ మాత్రం ఎంత గోలలోనైనా విడిగా వినబడుతుంది. మగవాళ్లు కర్రలూ కత్తులూ తిప్పుతూ ఆడతారు.

ఆఫ్రికా లయ సముద్రం దాటి వెళ్లి నాట్యసంగీతంగా మారిన మరో ప్రసిద్ధ ఉదాహరణ క్యూబాది. క్లావే అనే అక్కడి ఐదు దెబ్బల లయ మీద న్యూయార్క్‌లో మచీతో బృందం 1943లో ‘టాంగా’ అనే బాణీని రూపొందించింది. 1947లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ, క్యూబా కాంగా వాద్యకారుడు చానో పోజో చేయి కలిపారు. మర్ఫాకు దానితో నేరు చుట్టరికం లేదు. క్యూబా లయకు దొరికిన రికార్డింగ్ కంపెనీలు, డాన్స్ హాళ్లు దీనికి దక్కలేదు. వీధే దీని వేదిక.

మర్ఫాతో ముడిపడ్డ తీన్‌మార్ దరువు మతం గీత దాటి బోనాలకూ గణేశ్ నిమజ్జనానికీ చేరింది. హైదరాబాద్ శివార్లు దాటి మొయినాబాద్, చేవెళ్ల, షాబాద్ వైపు పెళ్లి బరాత్‌లలో ఇప్పుడు దాన్ని ఎక్కువగా డీజే పెట్టెలే మోగిస్తున్నాయి.