రేలంగివారి హాస్యవిద్య

హాస్యనటుడు పుట్టుకతోనే నవ్వించువాడని మనలో పలువురి తలంపు. రేలంగి వెంకటరామయ్యగారి జీవితము ఆ తలంపును సవరించుచున్నది.

1910లో గోదావరిసీమలోని రావులపాడున జన్మించిన వారికి తండ్రియే తొలి గురువు. ఆయన సంగీతమును, హరికథను నేర్పెడివారు. హరికథలో తోడి పాత్రధారి యుండడు. దాసుగారే రాజు, దాసుగారే దాసి. సభ కునికిపాట్లు పడునప్పుడు పిట్టకథ నందుకొని మేల్కొలుపవలెను. పిమ్మట కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీక్లబ్బు నాటకములలో తోడినటుని మాటకు అదనెరిగి బదులిచ్చుట అలవడినది.

1935లో 'శ్రీకృష్ణ తులాభారము'తో చిత్రసీమ ప్రవేశించిరి. అయినను పేరు వెంటనే రాలేదు. పదేండ్లకు పైగా చిన్న వేషములతోను, చిత్రనిర్మాణపు పనులతోను గడచినవి. 1949లో 'గుణసుందరి కథ'లోని అల్లుని వేషము వారిని ఇంటింటికి పరిచితులను జేసినది. 1957లో 'మాయాబజార్' లక్ష్మణకుమారుడు, 1970లో పద్మశ్రీ. 1975లో వారు దివంగతులైరి.

పేరులేని ఆ యేండ్లే అసలు బడి యని మేము తలంతుము. మన సంఘపు వార్షికోత్సవములలో ఏకపాత్రకు నిలిచి, సభ నవ్వకున్న తలవంచుకొని దిగివచ్చు పిల్లలకు ఈ చరిత్ర చెప్పవలెను. పరభాషల నడుమ మన పిల్లల నోట తెలుగు నిలుచుటకు నవ్వును ఒక దారియే.