వాహనములకు మాఱు ఇంధనములు – సిరుగుప్ప సీమకు చరిత్ర చెప్పు పాఠము

తుంగభద్రానది కుడియొడ్డున నున్న సిరుగుప్ప బళ్లారి జిల్లాలో వరిపంటకు పేరొందిన పట్టణము. ‘సిరుల కుప్ప’ యని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. విజయనగర రాజుల కాలమునాటి సిరుగుప్ప, దేశనూరు కాలువలు ఆ అర్థమును నిలబెట్టినవి. నదికి ఆవలియొడ్డు 1948 వఱకు నిజాము రాజ్యము. ఈవలియొడ్డు 1800 మొదలు ఇంగ్లీషువారి మద్రాసు రాజధానిలోనిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు బళ్లారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు చెందినవి. సిరుగుప్ప మైసూరు రాష్ట్రమున చేరినది. నాటినుండి పాలన వేఱైనను సంతలు, చుట్టఱికములు, ధాన్యపు లారీలు సరిహద్దును దాటుచునే యున్నవి. ఆ లారీల పొగయు దాటుచునే యున్నది.

వాహనముల పొగ తగ్గవలెనన్న ఇంధనమును మార్చవలె నను మాట నేడు తఱచుగా వినబడుచున్నది. ఇది క్రొత్తమాట కాదు. పెట్రోలు లేకయే బస్సులు నడచిన కాలమొకటి మన తెలుగుసీమలోనే గడచినది. అట్టి ఇంధనములు ఏల వచ్చినవో, ఏల నిలువలేదో తెలిసికొన్నచో, ఇప్పటి ప్రయత్నములలో నేది నిలుచునో నిర్ణయించుట సులభమగును.

మొదట నొక విషయమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. డీజిలు ఇంజను పుట్టుకలోనే మొక్కలనూనె సంబంధము కలదు. 1900లో పారిసు మహాప్రదర్శనమున ఆ తరగతి చిన్న ఇంజను నొకదానిని వేరుశనగనూనెతో నడపి చూపిరి. ఇంజనునకు మార్పేమియు చేయకయే అది నడచెనని దాని నిర్మాత రుడాల్ఫ్ డీజిల్ తరువాత తెలిపెను. బళ్లారి, అనంతపురము, కర్నూలు మెట్టనేలలలో విరివిగా పండు వేరుశనగ కిట్టి చరిత్రయు కలదని మనవారిలో పెక్కురు ఎఱుగరు. కాని భూమినుండి తీయు నూనె చౌకగా లభించుటచే ఆ మార్గము వెనుకబడినది.

రెండవ ప్రపంచయుద్ధము ఆ చౌకతనమునకు అంతరాయము కలిగించినది. 1942లో బర్మా జపానువారి వశమైనది. అక్కడి నూనెబావులనుండి మనదేశమునకు వచ్చు సరఫరా నిలిచిపోయినది. పెట్రోలునకు రేషను కఠినమైనది. అప్పుడే మన ముసలివారు నేటికిని చెప్పుకొను ‘బొగ్గు బస్సులు’ మద్రాసు రాజధానిలో విరివియైనవి. బస్సునకు వెనుకనో ప్రక్కనో ఇనుపపొయ్యి బిగించి, అందు కట్టెబొగ్గు నింపి, గాలి చాలీచాలకుండునట్లు మండించెడివారు. అట్లు మండిన బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు ముఖ్యాంశముగా గల వాయువు పుట్టును. దానిని చల్లార్చి, వడగట్టి ఇంజనులోనికి పంపెడివారు. బండి కదలుటకు ముందు క్లీనరు చేతితో చక్రము త్రిప్పి చాలసేపు గాలి కొట్టవలసి యుండెను. పెట్రోలుతో పోల్చినచో ఇంజను బలములో మూడవవంతు, ఒక్కొక్కప్పుడు అంతకెక్కువయు తగ్గెడిది. ఐరోపాలోను ఇదే స్థితి. యుద్ధాంతమునాటికి స్వీడనులో డెబ్బదివేలకు పైగాను, జర్మనీలో సుమారు ఐదు లక్షలును ఇట్టి వాహనములు నడచినవి.

యుద్ధము ముగిసి పెట్రోలు మరల దొరకుటతో బొగ్గు బస్సులు క్రమముగా తొలగిపోయినవి. వాని తొలగింపునకు ఎవ్వరును విచారింపలేదు. ఆ వాయువు విషము. ఆ బొగ్గునకు మూలము అడవి. కొఱత తీర్చుటకు మాత్రమే వచ్చిన ఇంధనము కొఱత తీరగనే పోయినది. తరువాతి చరిత్రను కూడ ఈ దృష్టితో చూడవలెను.

స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి యేడే, 1948లో, భారత ప్రభుత్వము పవర్ ఆల్కహాలు శాసనమును చేసినది. చక్కెర మడ్డినుండి తీసిన ఆల్కహాలును పెట్రోలులో కలుపుట దాని ఉద్దేశము. ఆ శాసనము 2000లో రద్దయినది. ఆలోచన మాత్రము రద్దుకాలేదు. 2003లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకములతో సహా తొమ్మిది రాష్ట్రములలో పెట్రోలున నూటి కైదువంతుల ఇథనాలు కలుపు పథకము మొదలయినది. 2018లో జాతీయ జీవ ఇంధన విధానము వెలువడినది. 2022 జూనునాటికి పదివంతులు, 2025లో ఇరువదివంతులు కలిపిరి. ఈ పథకమునకు ముఖ్యబలము విదేశపు నూనె ఖర్చును తగ్గించుకొనుట, చెరకు రైతునకు గిరాకి కల్పించుట. గాలి మేలు వానివెంట వచ్చిన మేలు.

గాలికొఱకే ఇంధనమును మార్చిన ప్రసిద్ధోదాహరణము ఢిల్లీ నగరమునది. ఎం.సి. మెహతా 1985లో వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1998 జూలై 28వ తేదీన నగరపు బస్సులన్నియు సహజవాయువుతో నడువవలెనని ఆజ్ఞాపించినది. గడువు 2001 మార్చి 31. కాని వాయువు నింపు స్టేషనులు చాలినన్ని లేవు. బస్సులు, ఆటోలు బారులు తీరినవి; గడువు దాటినది; జుల్మానాలు విధింపవలసి వచ్చినది. 2002 డిసెంబరునాటికి గాని ఆ మార్పు పూర్తికాలేదు. మన ప్రాంతమున కృష్ణా గోదావరీ తీరములందు సహజవాయువు లభించుచున్నది. 2003లో హైదరాబాదున భాగ్యనగర్ గ్యాస్ సంస్థ ఏర్పడి, ఆ నగరమునను విజయవాడలోను వాహనములకు వాయువును అందింప నారంభించినది. ఉత్తరువుతోపాటు సరఫరా లేనిచో ప్రజలు ఇక్కట్లపాలగుదురని ఢిల్లీ అనుభవము నేర్పినది.

పల్లెలనుండి వచ్చిన ప్రయత్నములును కలవు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఉడిపి శ్రీనివాస గత శతాబ్దము చివర కానుగనూనెతో ఇంజనులు నడపి చూపెను. కన్నడమున ‘హొంగె’ యనబడు ఈ చెట్టు మన గట్లమీదను, బాటల వెంబడిని పెరుగునదే. అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ యను గిరిజన గ్రామమున మహిళా సంఘమువారు కానుగమొక్కలు నాటి, గింజలు గానుగాడించిరి. ఆ నూనె వాడుకచే 147 టన్నుల బొగ్గుపులుసు గాలి గాలిలో కలియకుండునని లెక్కగట్టి, 2003లో ప్రపంచబ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించెను. మొత్తము స్వల్పమే. కాని శుభ్రమైన గాలికి వెల కట్టి ఒక తెలుగుపల్లెకు సొమ్ము చెల్లించుట గమనింపదగిన సంగతి.

ఇక సిరుగుప్ప సంగతి. ఈ తాలూకాలో దేశనూరున చక్కెర కర్మాగారము వెలసినది. చెరకు మడ్డి ఇథనాలునకు ముడిసరుకు. ఐనను రెండు విషయములు మఱవరాదు. ఒకటి, చెరకు నీటిని మిక్కిలిగా త్రాగు పైరు. 2024 ఆగస్టున తుంగభద్ర ఆనకట్ట 19వ తలుపు కొట్టుకొనిపోయినప్పుడు ఆ జలాశయముపై ఎందఱి బ్రతుకులు ఆధారపడియున్నవో మూడు రాష్ట్రములకును తెలిసివచ్చినది. ఇంధనముకొఱకు అదనముగా నీరు పాఱించుట ఈ సీమకు తగదు. రెండవది, ఇథనాలు కలియునది పెట్రోలులో. ఈ దారులలో నల్లపొగ గ్రక్కునది ముఖ్యముగా పాత డీజిలు లారీ. గనులు ఉద్ధృతముగా సాగిన దినములలో ఇనుపరాయి లారీల వలన బళ్లారి జిల్లా పడిన బాధ ప్రసిద్ధము. 2011 జూలైలో సుప్రీంకోర్టు అక్కడి త్రవ్వకములను నిలిపివేసినది. 2020 ఏప్రిలు నుండి గంధకము మిక్కిలి తక్కువైన డీజిలు దేశమంతట అమలైనది. అది మేలే. కాని పాతలారీ పాతలారీయే.

కావున ఈ సీమకు తగిన ఇంధనము పైరునుండి గాక, పైరు కోసిన పిదప మిగిలిన దానినుండి రావలెను. సిరుగుప్ప వరికి నెలవు. వరిగడ్డి, ఊక ఇక్కడ సమృద్ధి. 2022లో హర్యానాలోని పానీపట్టున వరిగడ్డినుండి ఇథనాలు తీయు కర్మాగారము ప్రారంభమైనది. ఏటేట రెండులక్షల టన్నుల గడ్డిని వినియోగించునట్లు దానిని నిర్మించిరి. గడ్డి, పేడ, చెరకుమడ్డి మొదలగువానినుండి సంపీడిత జీవవాయువు తీయుటకు 2018 అక్టోబరున కేంద్రప్రభుత్వము పథకము ప్రారంభించినది. ఈ వాయువు సహజవాయువువలెనే బస్సునకును లారీకిని ఉపయోగపడును. దూరపు గొట్టములకై ఎదురుచూడ నక్కరలేదు. పశువులకు వలసిన మేతను ముందుగా తీసియుంచి, మిగిలిన గడ్డినే దీనికి వాడవలెను.

ఒక్క పట్టణము ఒంటరిగా చేయగల పని కాదిది. సిరుగుప్పలో బయలుదేరిన లారీ ఆదోనికో సింధనూరునకో పోవును. డీజిలుపై పన్ను రాష్ట్రమునకొక తీరు. ధర తక్కువైన వైపుననే లారీవారు నింపుకొందురు. ఒకవైపున మాత్రమే క్రొత్త ఇంధనము దొరకినచో దానిని నమ్ముకొని బండి మార్చువాడు ఉండడు. 2019లో ఆరంభమైన జాతీయ శుద్ధవాయు పథకపు పట్టికలో కర్నూలు కలదు, తరువాత అనంతపురమును చేరినది. కర్ణాటకమునుండి బెంగళూరు, దావణగెరె, హుబ్బళ్లి–ధారవాడ, కలబురగి నగరములు చేరినవి. వీని నడుమనున్న బళ్లారికి అందు చోటు దొరకలేదు. తుంగభద్ర నీటిని పంచుకొనుటకు రాష్ట్రములకు ఉమ్మడి బోర్డు కలదు. ఈ సీమ గాలిని గూర్చియు అట్టి ఉమ్మడి ఆలోచన కావలసియున్నది.

బొగ్గు బస్సు కొఱతచే పుట్టి కొఱతతో పోయినది. పవర్ ఆల్కహాలు ఆర్థికావసరముతో కూడి పడిలేచినది. ఢిల్లీ బస్సులు ప్రజల ఊపిరికొఱకు మాఱినవి. కష్టము మీదనైనను ఆ మార్పు నిలిచినది. సిరుగుప్పలో తెలుగు మాటలాడు బిడ్డయు, కన్నడము మాటలాడు బిడ్డయు బడికి నడచు దారి యొక్కటే, పీల్చు గాలి యొక్కటే. ఆ బిడ్డల ఆరోగ్యమే ప్రయోజనముగా నెంచి, మన పొలములందు మిగిలిన గడ్డిని ఇంధనముగా మలచుకొని, సరిహద్దున కిరువైపుల వారును కలసి పూనుకొన్ననాడు ఈ ప్రయత్నము నిలుచును.