పందెంలో లెక్కకు రాని పిట్ట

2011లో హాలీవుడ్ నుంచి ‘ద బిగ్ ఇయర్’ అనే కామెడీ సినిమా వచ్చింది. స్టీవ్ మార్టిన్, జాక్ బ్లాక్, ఓవెన్ విల్సన్ ముగ్గురికీ ఒకటే పిచ్చి: ఏడాది తిరిగేలోపు ఉత్తర అమెరికాలో ఎవరు ఎక్కువ జాతుల పిట్టల్ని చూస్తారా అని. ఉద్యోగం, పెళ్లాం, ఆరోగ్యం అన్నీ ఆ తర్వాతే. 1998లో నిజంగానే జరిగిన పోటీ మీద మార్క్ ఒబ్మాసిక్ రాసిన పుస్తకం దీనికి మూలం. ఆ ఏడు గెలిచిన శాండీ కోమిటో 700 పైచిలుకు జాతులు చూశాడు. బహుమతి లేదు, సాక్షి అక్కర్లేదు. చూశానంటే చూసినట్టే! సినిమాను 4 కోట్ల డాలర్లు పోసి తీస్తే అందులో ఐదో వంతు కూడా రాలేదు.

మన విశాఖలో ఈ కథ తీయాలంటే తిరగేసి రాయాలి. ఇక్కడి పిట్టల జాబితా పరుగులతో తయారు కాలేదు.

మొదటి పెద్ద ప్రయత్నానికి డబ్బిచ్చింది న్యూయార్క్‌లో పాత వస్తువుల వ్యాపారి ఆర్థర్ వెర్నే. 1929-30లో ఆయన పేరుతో తూర్పు కనుమల సర్వే జరిగింది. అనంతగిరి కొండల్లోనూ పక్షుల్ని సేకరించారు. వాటిని పక్షి శాస్త్రవేత్తలు హ్యూ విస్లర్, నార్మన్ కినియర్ పరిశీలించి ఏళ్ల తరబడి వ్యాసాలు రాశారు.

ఆ తర్వాత ఊరివాడే రంగంలోకి దిగాడు. విశాఖకు చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ట్రెవర్ ప్రైస్‌తో కలిసి 1973లో ఓ చిన్న నోటు ప్రచురించాడు. హిమాలయాల వైపు కనిపించే చెట్టు పిచ్చుక మన కనుమల్లోనూ ఉందని! పిచ్చుకే కదా అనుకుంటాం. కానీ బుగ్గ మీద నల్లమచ్చ ఉందా, తల గోధుమ రంగా బూడిద రంగా అని ఆగి చూసినవాడికే అది తెలుస్తుంది.

కంటికి సరిగా చిక్కని పిట్టల కోసం వాడే వలల సంగతీ చెప్పాలి. పిట్టల అధ్యయనానికి తలవెంట్రుకంత సన్నని దారంతో అల్లిన వలను రెండు గడల మధ్య కడతారు. పొదల్లోంచి వచ్చిన పిట్ట వల మడతలో పడుతుంది. చిక్కు విడదీసి, రెక్క కొలిచి, కాలికి నంబరు ఉన్న రింగు తొడిగి వదిలేస్తారు. ఇక్కడ ‘చూశానంటే చూసినట్టే’ చెల్లదు.

స్మిత్‌సోనియన్ సంస్థకు ఇరవయ్యేళ్లు అధిపతిగా చేసిన డిల్లన్ రిప్లీ, పక్షి శాస్త్రవేత్త బ్రూస్ బీలర్ ఈ కొండలకు వచ్చింది కృష్ణరాజు తోడుతోనే. ఈశాన్య భారతంలో, ఆగ్నేయాసియాలో ఉండే అబ్బట్స్ బాబ్లర్ వందల మైళ్లు ఎడంగా విశాఖ కనుమల్లోనూ బతుకుతోంది. మట్టిరంగు పిట్ట. తడి పొదల్లో నేలబారున దాక్కుంటుంది, బయటికి రాదు. ఇక్కడిది వేరే ఉపజాతి అని తేల్చి 1985లో రిప్లీ, బీలర్ దానికి ‘కృష్ణరాజుయి’ అని పేరు పెట్టారు. ముగ్గురూ కలిసి రాసిన విశాఖ కనుమల పక్షుల వ్యాసం బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఆ తర్వాత రెండు భాగాలుగా వచ్చింది.

ఇప్పుడు విశాఖలోనూ ఫిబ్రవరి పక్షి గణనకు కెమెరాలతో, ఫోన్లతో పోటీపడి వెళ్లేవాళ్లున్నారు. కంబాలకొండ అడవిలో తెల్లారేసరికి హాజరు! అస్సాంలో అబ్బట్స్ బాబ్లర్ చూసేసినవాడు మాత్రం మన ‘కృష్ణరాజుయి’ కోసం కనుమలెక్కినా జాబితాలో ఒక్క అంకె పెరగదు. పందెంలో జాతినే లెక్కిస్తారు, ఉపజాతికి మార్కుల్లేవు.