వేటభూమి, బోను, కంచె

పాఠశాలల్లో వ్యాసరచనకు తరచు యిచ్చే ప్రశ్న వొకటి వున్నది: జంతువు జూలో సుఖంగా వుంటుందా, అడవిలో సుఖంగా వుంటుందా? పిల్లలు రెండు రకాల జవాబులు రాస్తారు. జూలో వేళకు తిండి వున్నది, వైద్యుడున్నాడు, వేటగాడి భయం లేదు అని కొందరు. అడవిలో స్వేచ్ఛ వున్నది, బోను బోనే అని మరికొందరు. రెండు జవాబుల్లోనూ కొంత నిజం వున్నది. కాని రెండింటిలోనూ వొకే లోపం. జూ, అభయారణ్యం, అడవి మూడూ ఆకాశం నుంచి ఊడిపడినట్లు మాట్లాడతాయి. అవి యెవరి భూమి మీద, యెవరి కోసం, యెవరి కష్టంతో యేర్పడినవో అడగవు. ఆ ప్రశ్న వేయడానికి మనం దూరం పోనక్కరలేదు. ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి నగరం దాకా పోతే చాలు.

విజయవాడ రోడ్డు పక్కన, వనస్థలిపురం కాలనీల నడుమ, కంచె వేసిన పచ్చని నేల వొకటి కనబడుతుంది. మహావీర్ హరిణ వనస్థలి. దాదాపు 3,758 యెకరాలు. యిప్పుడు కృష్ణజింకలకు జాతీయవనమైన యీ నేల వొకప్పుడు నిజాంల షికార్‌గా, అంటే వేటభూమి. నగరం చుట్టూ వున్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా పాలకుడి సొంత ఆస్తి అయిన సర్ఫేఖాస్‌కు చెందినది. పన్నూ ఆయనదే, పచ్చికా ఆయనదే, పచ్చిక మేసే జింకా ఆయనదే. రైతు పొలంలో జింకల మంద పడితే రైతుకు నష్టం. ఆ జింకను రైతు కొడితే నేరం. దొరలు వేటకు వస్తే అడవిని చుట్టుముట్టి, డప్పులు వాయించి, మృగాన్ని తుపాకీ ముందుకు తోలడానికి మనుషులు కావాలి. వెట్టి రాజ్యమేలిన దేశంలో ఆ పని యెవరి నెత్తిన పడినదో వేరే చెప్పనక్కరలేదు.

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటగాడుగా పేరు మోసినవాడు. 1902లో వైస్రాయి కర్జన్ హైదరాబాదు రాజ్యానికి వచ్చి పులిని చంపి, భార్యతో కలిసి దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఆ ఫొటో నేటికీ అచ్చవుతూనే వున్నది. అందులో వైస్రాయి వున్నాడు, ఆయన భార్య వున్నది, చచ్చిన పులి వున్నది. తోలినవాళ్ళు లేరు. సామ్రాజ్యానికీ సంస్థానానికీ మధ్య స్నేహం పులి శవం మీద కుదిరినదని ఆ బొమ్మ చెబుతున్నది.

కృష్ణజింకను వేటాడించడానికి ప్రభువులు పెంచినది చీతాను. దాని చరిత్ర జూ గురించి మాట్లాడేవారందరూ తెలుసుకోదగినది. కళ్ళకు గంతలు కట్టి, బండి మీద మైదానానికి తీసుకుపోయి, మంద కనబడగానే గంతలు విప్పి వదిలేవారు. మొగలుల కాలం నుంచి వేల చీతాలు యీ విధంగా దర్బారులలో బతికినవి. కాని అవి బందీలుగా వుండి పిల్లలను కనలేదు. జహంగీరు కాలంలో వొక్కసారి కన్నదంటే దానిని వింతగా రాసి పెట్టుకున్నారు. అందువల్ల ప్రతి వేటచీతానూ అడవి నుంచే పట్టి తేవలసి వచ్చినది. పట్టగా పట్టగా అడవి ఖాళీ అయినది. యిరవయ్యో శతాబ్దం నాటికి మన రాజులు ఆఫ్రికా నుంచి చీతాలను కొని తెప్పించుకునే స్థితి వచ్చినది. 1947లో కొరియా సంస్థానపు రాజు మూడింటిని కాల్చినాడు. 1952లో చీతా అంతరించినదని ప్రభుత్వం ప్రకటించినది. వొక్కొక్క చీతాకు మాంసం, కాపలా, పట్టుపరుపు అన్నీ అమర్చినారు. వంశం మాత్రం నిలవలేదు. వొక జంతువుకు తిండి పెట్టడం వేరు, వొక జాతిని బతికించడం వేరు.

1949లో సర్ఫేఖాస్ ప్రభుత్వంలో కలిసినది, జాగీర్లు రద్దయినవి. రైతాంగ పోరాటపు వేడి లేకుండా యీ మార్పు వచ్చినదనుకోవడం చరిత్రకు ద్రోహం. నిజాం కాలంలోనే బాగెఆంలో, అంటే పబ్లిక్ గార్డెన్స్‌లో, చిన్న జంతుశాల వుండేది. 1959లో మీరాలం చెరువు పక్కన సుమారు 380 యెకరాలలో కొత్త జూకు పునాది పడినది. 1963 అక్టోబరులో నెహ్రూ జూలాజికల్ పార్కు ప్రజలకు తెరిచినారు. ఫ్రాన్సులో 1789 విప్లవం తర్వాత వెర్సేల్స్ రాజోద్యానంలో మిగిలిన జంతువులను పారిస్ సస్యోద్యానానికి తరలించి ప్రజలకు చూపినారు. ప్రభువు వినోదం ప్రజల విద్య కావడం చిన్న విషయం కాదు. ఆదివారం నాడు పాతబస్తీ కూలీ తన బిడ్డను భుజాన యెక్కించుకొని సింహాన్ని చూపిస్తున్నాడంటే, ఆ సింహం నిన్నటిదాకా యెవరిదో గుర్తుంచుకోవాలి.

అయితే యజమాని మారగానే బోను మారదు. ఆధునిక జూలకు యినుప కడ్డీలు తీసి కందకాలు తవ్వడం నేర్పినది హాంబర్గుకు చెందిన హాగెన్‌బెక్. 1907లో ఆయన అట్టి జూ తెరిచినాడు. అదే హాగెన్‌బెక్ 1874 నుంచి వలస దేశాల మనుషులను, ఉత్తర ధ్రువ ప్రాంతపు సామీలను తెచ్చి టిక్కెట్టు పెట్టి చూపినాడు. కందకం చూపరికి కడ్డీలు లేవన్న భ్రమ కలిగిస్తుంది. జంతువుకు మాత్రం హద్దు హద్దే.

ఇక మన మొదటి ప్రశ్న. శాస్త్రజ్ఞులు లెక్కలు తీసినారు. 2008లో వెలువడిన వొక పరిశోధన ప్రకారం యూరపు జూలలో ఆసియా ఆడ ఏనుగుల మధ్యస్థ ఆయుర్దాయం 18.9 సంవత్సరాలు. బర్మాలో కలప లాగే ఏనుగులకు 41.7. బరువు మోసే కూలీ ఏనుగు, కూర్చోబెట్టి మేపిన ఏనుగు కంటే రెట్టింపుకు పైగా బతికినది! కారణం ఊహించలేనిది కాదు. నడక, మంద, తల్లీ అక్కాచెల్లెళ్ళ తోడు బర్మా ఏనుగుకు కొంతైనా మిగిలినవి. 2003లో వచ్చిన మరొక పరిశోధన విశాలంగా తిరిగే మాంసాహార జంతువులే బోనులో యెక్కువగా అటూ యిటూ పచార్లు చేస్తాయనీ, వాటి పిల్లలే యెక్కువగా చస్తాయనీ చూపినది. జూలో పులి అడుగు మీద అడుగు వేస్తూ వొకే దారిలో తిరగడం మనమంతా చూసినదే. అది ఠీవి కాదు, వ్యాధి.

కాని నాణేనికి రెండో వైపు దాచడం మనకు తగదు. 2016 నాటి లెక్కలలో పరిశీలించిన క్షీరద జాతులలో నూటికి యెనభైకి పైగా జూలలోనే యెక్కువ కాలం బతుకుతున్నట్లు తేలినది. ముఖ్యంగా అడవిలో త్వరగా పులులకూ నక్కలకూ ఆహారమయ్యే చిన్న జంతువులు. మన జూలోనే బాగెఆం నుంచి 1963లో వచ్చిన రాణి అనే ఏనుగు 83 యేళ్ళు బతికి 2021లో పోయినది. బీబీకా ఆలంనూ బోనాల ఘటాన్నీ వొకే వీపు మీద మోసిన ఏనుగు అది. అక్కడి నుంచే వచ్చిన పెద్ద తాబేలు 125 యేళ్ళ వయసులో 2024లో చనిపోయినదని జూ వారు చెప్పినారు. నిజాం పాలన, పోలీసుచర్య, రెండు రాష్ట్రాల పుట్టుక అన్నీ చూసిన తాబేలు. కాబట్టి జూ అంతా నరకమనడమూ తప్పే, స్వర్గమనడమూ తప్పే. తిరిగే జంతువుకు కొలత విస్తీర్ణం, కలిసి బతికే జంతువుకు కొలత మంద, దాగి బతికే జంతువుకు కొలత నిర్భయం.

నిర్భయం కూడా గోడ వల్లనే రాదు. 2000 అక్టోబరులో యిదే జూలో సఖి అనే ఆడపులిని రాత్రివేళ బోనులోనే చంపి చర్మం వొలిచినారు. పులిచర్మానికి బజారు వున్నంత కాలం తాళం చాలదు. 2021 మేలో యెనిమిది ఆసియా సింహాలకు మనుషుల మహమ్మారి సోకినట్లు పరీక్షలలో తేలినది. మరో వైపు 2010లో యిక్కడ మూషిక జింకల పునరుత్పత్తి ప్రారంభమైనది. వాటిని పెంచి తర్వాత అమ్రాబాదు అడవిలో వదిలినారు. జూకు న్యాయమైన పని యేదైనా వుంటే యిదే. లోపలికి తేవడం కాదు, బయటకు పంపడం.

కాని పంపడానికి అడవి యెక్కడ? హరిణ వనస్థలికి 1975లో, మహావీరుని 2500వ నిర్వాణ వత్సర సందర్భంగా, ఆ పేరు పెట్టి జింకలకు అభయమిచ్చినారు. 1994లో అది జాతీయవనమైనది. వేటభూమి రక్షణభూమి కావడం మంచిదే. అయితే కృష్ణజింక బయలు జంతువు. గడ్డి మైదానాలలో యెడతెగని పరుగు కోసం పుట్టినది. దాని వెంట పడే చీతా పోయినది. చుట్టూ నగరం వచ్చినది. బయటి మందలతో సంబంధం తెగినది. ఆ వనం నేడు వొక దీవి. పెద్ద జూకూ చిన్న అభయారణ్యానికీ మధ్య తేడా క్రమంగా చెరిగిపోతున్నది.

దక్షిణాన నల్లమల వున్నది. 1983లో అక్కడ పులుల రిజర్వు యేర్పడినది. రాష్ట్ర విభజన తర్వాత మన వైపు భాగానికి అమ్రాబాదు పేరు వచ్చినది. అక్కడ చెంచులు తరతరాలుగా బతుకుతున్నారు. పులీ చెంచూ కలిసి బతికిన అడవిలో పులిని తగ్గించినది చెంచు విల్లు కాదు, దొరల తుపాకీ, కాంట్రాక్టరు గొడ్డలి. అయినా అభయారణ్యం అనగానే మొదట ఖాళీ చేయమని చెప్పేది చెంచుకే. 2019లో అదే అడవిలో యురేనియం అన్వేషణకు ఢిల్లీలో సూత్రప్రాయంగా అనుమతి దొరికినది. చెంచు గుడిసె పులికి అడ్డం, బోరు యంత్రం అడ్డం కాదా? ప్రజలు కదిలిన తర్వాతనే ఆ సెప్టెంబరులో శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసినది. 2006 అటవీ హక్కుల చట్టం కాగితం మీద వున్న మేరకు నేల మీద వున్నట్లయితే యీ తగవు యింత దూరం వచ్చేది కాదు.

మన వూళ్ళ సంగతి యింకా చిక్కైనది. యాచారం, కడ్తాల్ మండలాలలో చిరుత దూడలను చంపినదన్న వార్త వచ్చినప్పుడు కాపు భయపడినాడు. భయం న్యాయమే. దూడ పోతే అతని సంసారమే కుంటుబడుతుంది. ఆ మండలాలలోనే ఫార్మాసిటీ పేరిట వేల యెకరాలు సేకరించినారు. రైతు నేల కోల్పోయినాడు, చిరుత గుట్ట కోల్పోయినది. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, మూడోవాడు వెంచరు వేసుకున్నాడు. 2020 మేలో రాజేంద్రనగరం వైపు వొక చిరుత పట్టపగలు రోడ్డు మీద పడుకొని కనబడినది. నెలల తర్వాత బోనులో చిక్కినది. అది నగరంలోకి వచ్చినదని పత్రికలు రాసినవి. నగరమే దాని గుట్టలోకి పోయినదని రాసివుంటే సత్యానికి దగ్గరగా వుండేది.

ప్రభుత్వం మారితే చాలు, అన్నీ చక్కబడతాయనే వారు వొక సంగతి గమనించాలి. విప్లవం తర్వాత రష్యాలో అంతర్యుద్ధపు ఆకలి నడుమనే 1919లో ఆస్త్రాఖాన్ ప్రకృతి రిజర్వు స్థాపించినారు. అది గర్వించదగినది. 1951లో అదే దేశంలో ఉత్పత్తి పేరిట రిజర్వుల విస్తీర్ణాన్ని విపరీతంగా కోసివేసినారు. అదీ మరువరానిది. భూమి ప్రజలదైతే చాలదు, దాని మీద నిర్ణయమూ ప్రజలదే కావాలి.

2025 వసంతంలో కంచ గచ్చిబౌలిలో యేమి జరిగినది? హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయం పక్కన 400 యెకరాలలో రాత్రింబవళ్ళు బుల్‌డోజర్లు చెట్లను కూల్చినవి. నెమళ్ళు అరిచినవి, జింకలు పరుగెత్తినవి. విద్యార్థులు అడ్డుపడినారు, లాఠీలు తిన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపించినది. కంచ అంటేనే మేత బీడు. అది అడవి కాదన్నారు వాదించినవారు. పేరులో అడవి లేకపోవచ్చు, జింక వున్నది కదా!

కాబట్టి వ్యాసరచన ప్రశ్నను మార్చి వేద్దాం. జంతువు యెక్కడ సుఖంగా వుంటుంది అని కాదు. దాని నేలను యెవరు తీసుకున్నారు, తిరిగి యిప్పించగలవారెవరు అని. ఇబ్రహీంపట్నం పిల్లలు హరిణ వనస్థలిని చూడడానికి పోయినప్పుడు కంచెకు లోపల జింకను చూపండి. తర్వాత వెనక్కు తిరిగి, కంచెకు బయట యింకా మిగిలిన గుట్టనూ బీడునూ, వాటిని నమ్ముకొని బతికే మనుషులనూ చూపండి. రెండో పాఠం పాఠ్యపుస్తకంలో లేదు. మనమే చెప్పవలె.