అమెరికాలో ఇష్టానుసార తొలగింపు, జాతీయ మూల వివక్ష

అమెరికాలో ప్రైవేటు ఉద్యోగాల్లో అత్యధిక భాగం ‘ఎట్ విల్’ ఉద్యోగాలు, అంటే ఇష్టం ఉన్నన్నాళ్ళే సాగే కొలువులు. యజమాని ఉద్యోగిని ఎప్పుడైనా తీసేయవచ్చు, ఉద్యోగి ఎప్పుడైనా మానేయవచ్చు. ఎవరూ ఎవరికీ కారణం చెప్పనక్కర్లేదు. ఈ స్వేచ్ఛకు చట్టం కొన్ని హద్దులు గీసింది. పుట్టిన దేశాన్ని బట్టి, పూర్వీకుల దేశాన్ని బట్టి, ఆ మూలాన్ని పట్టిచ్చే భాషను, యాసను బట్టి మనిషిని ఉద్యోగం నుంచి తీసేయకూడదన్నది వాటిలో ఒకటి. అయితే కారణం చెప్పనక్కర్లేని చోట, నిషిద్ధమైన కారణమే పనిచేసిందని నిరూపించే భారం ఉద్యోగం పోయిన మనిషి మీద పడుతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

సూత్రం ఎలా వచ్చింది

ఇంగ్లండు పాత న్యాయంలో గడువు చెప్పకుండా కుదిరిన కొలువును ఏడాది కొలువుగా భావించేవారు. 1877లో హొరేస్ గ్రే వుడ్ అనే అమెరికన్ న్యాయవాది తన గ్రంథంలో అలాంటి కొలువును ఎప్పుడైనా ముగించవచ్చని రాశాడు. అతను ఆధారంగా చూపిన తీర్పులు ఆ మాటను నిలబెట్టవని తర్వాతి పండితులు విమర్శించారు. కోర్టులు మాత్రం దాన్నే సూత్రంగా పట్టుకున్నాయి. 1884లో టెనెస్సీ సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన పేన్ కేసులో, ఒక వ్యాపారి దుకాణంలో సరుకులు కొన్నవాళ్ళను పనిలోంచి తీసేస్తామని రైల్వే కంపెనీ తన కార్మికులకు హెచ్చరిక జారీ చేసింది. బేరాలు పోయిన వ్యాపారి దావా వేస్తే, కారణం మంచిదైనా, అసలు లేకపోయినా, నీతిమాలినదైనా సరే తొలగించే హక్కు యజమానికి ఉందని కోర్టు తేల్చింది. ఆ ధోరణి దేశమంతా పాకింది. నేటికీ ప్రొబేషన్ దాటిన ఉద్యోగిని తీసేయడానికి తగిన కారణం ఉండాలని సాధారణ చట్టం చేసుకున్న రాష్ట్రం మోంటానా ఒక్కటే. ఆ చట్టం 1987 నాటిది. యూనియన్ ఒప్పందం ఉన్నవారికి, చాలామంది ప్రభుత్వోద్యోగులకు వేరే రక్షణలున్నాయి.

జాతీయ మూలం అంటే

1964 జులై 2న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన పౌర హక్కుల చట్టంలోని ఏడో అధ్యాయం జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం ఆధారంగా ఉద్యోగాల్లో వివక్ష చూపడాన్ని నిషేధించింది. ఇది 15 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలకు వర్తిస్తుంది. అమలు బాధ్యత సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌ది. దీన్ని అందరూ ఈఈఓసీ అనే అంటారు.

జాతీయ మూలం వేరు, పౌరసత్వం వేరు. ఈ గీత గీసింది 1973 నాటి ఎస్పినోజా తీర్పు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో చట్టబద్ధంగా నివసిస్తున్న మెక్సికో పౌరురాలికి, అమెరికా పౌరసత్వం లేదన్న కారణంతో ఒక బట్టల కర్మాగారం కుట్టుపని ఇవ్వలేదు. ఆ కర్మాగారంలో పనిచేసేవాళ్ళలో అత్యధికులు మెక్సికన్ మూలాలవాళ్ళే. కాబట్టి ఆమెను అడ్డుకున్నది పౌరసత్వమే తప్ప మూలం కాదని సుప్రీంకోర్టు భావించింది. ఆ తీర్పులోనే మరో మాట కూడా ఉంది: పౌరులు కానివారికీ ఏడో అధ్యాయం రక్షణ ఉంటుంది. హెచ్-1బీ వీసా మీద పనిచేస్తున్న గుంటూరు ఇంజినీరుకు ఆ రెండో మాటే ఆధారం.

పౌరసత్వ వివక్షను 1986 వలస చట్టం కొంతవరకు నిషేధించింది. నలుగురి నుంచి 14 మంది దాకా ఉన్న చిన్న సంస్థల్లో జాతీయ మూల వివక్షను కూడా అదే చట్టం అడ్డుకుంటుంది. అయితే పౌరసత్వ వివక్ష నుంచి అది కాపాడేవారి జాబితాలో హెచ్-1బీ ఉద్యోగులు లేరు. దీని ఫలితం మనవాళ్ళకు వింతగా తోచవచ్చు. అదే చట్టం కింద, గ్రీన్ కార్డు దరఖాస్తు కోసం వీసా ఉద్యోగులకే పోస్టులు అట్టిపెట్టి అమెరికన్లను దూరం పెట్టారన్న ఆరోపణలపై ఫేస్‌బుక్ 2021లో 1.425 కోట్ల డాలర్ల వరకు, యాపిల్ 2023లో 2.5 కోట్ల డాలర్ల వరకు చెల్లించడానికి ప్రభుత్వంతో రాజీ చేసుకున్నాయి.

భాష, యాస

మూలం ముందుగా బయటపడేది నోట్లోంచే. 1975 జూన్‌లో టెక్సాస్ సరిహద్దు పట్టణం బ్రౌన్స్‌విల్‌లోని కలప దుకాణంలో హెక్టర్ గార్సియా అనే సేల్స్‌మన్‌ను తోటి ఉద్యోగి ఒక వస్తువు ఉందా అని అడిగాడు. కొనేవాడి కోసం వేసిన ప్రశ్న అది. లేదని గార్సియా స్పానిష్‌లో చెప్పాడు. ఆ మాట యజమాని చెవిన పడింది, గార్సియా ఉద్యోగం పోయింది. స్పానిష్ మాట్లాడే కొనుగోలుదారులతో తప్ప పనివేళల్లో ఇంగ్లిషే మాట్లాడాలన్నది అక్కడి నియమం. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది, పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది హిస్పానిక్‌లే. రెండు భాషలూ వచ్చినవాడు ఏది మాట్లాడాలో ఎంచుకోగలడు కనుక ఇది మూలాన్ని బట్టి చూపిన వివక్ష కాదని 1980లో అప్పీలు కోర్టు అంది. చిన్ననాటి భాష నోటికి ఎలా వస్తుందో తెలిసిన ఎవరికైనా ఆ తర్కం మింగుడుపడదు. అదే ఏడాది చివర ఈఈఓసీ భిన్నమైన మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం పనిచేసే చోట ఎల్లవేళలా ఇంగ్లిషే మాట్లాడాలన్న నియమాన్ని వివక్షగానే అనుమానించాలి. కొన్ని వేళలకే పరిమితమైన నియమానికైనా వ్యాపార అవసరం చూపాలి. అయితే కోర్టులన్నీ ఈ మార్గదర్శకాలను పాటించలేదు.

యాస విషయమూ అంతే. హోనలూలు మోటారు వాహనాల కార్యాలయంలో గుమస్తా పోస్టుకు 721 మంది రాసిన పరీక్షలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మాన్యుయేల్ ఫ్రగాంటే మొదటి స్థానంలో నిలిచాడు. ఇంటర్వ్యూలో అతని యాస బరువుగా ఉందని రాసి పక్కన పెట్టారు. ప్రజలతో మాట్లాడాల్సిన పని కాబట్టి అది సబబేనని 1989లో అప్పీలు కోర్టు సమర్థించింది. మాట అర్థం కాక పనికి నిజంగా ఆటంకం కలిగితేనే యాసను కారణంగా చూపాలి. వినేవాడి ఓపికను బట్టి ఈ ‘అర్థం కాకపోవడం’ మారిపోతుంది. న్యాయమూర్తులు ఆ సంగతిని ఎంత సీరియస్‌గా తీసుకుంటారన్న దానిపైనే చాలా కేసుల ఫలితం ఆధారపడుతుంది.

నిరూపణ

మేనేజరు నోరుజారడం అరుదు. సాధారణంగా హెచ్‌ఆర్ నుంచి చిన్న వీడియో కాల్ వస్తుంది, మరుక్షణం ల్యాప్‌టాప్ లాక్ అవుతుంది. అందుకే సుప్రీంకోర్టు 1973లో మెక్‌డానెల్ డగ్లస్ కేసులో మెట్లవారీ పద్ధతి పెట్టింది. తాను అర్హుడినని, అయినా తనను తీసేశారని, వేరే మూలం ఉన్నవారిని అదే పరిస్థితిలో ఉంచుకున్నారని ఉద్యోగి మొదట చూపుతాడు. అప్పుడు యజమాని న్యాయసమ్మతమైన కారణం ఒకటి చెప్పాలి. అది సాకు మాత్రమేనని ఉద్యోగి రుజువు చేయాలి. ఇష్టానుసార సూత్రం యజమాని మౌనాన్ని కోర్టు గడప దాకానే కాపాడుతుంది. అయితే చెప్పే కారణం తెలివైనదో, దయగలదో కానక్కర్లేదు, నిషిద్ధమైనది కాకపోతే చాలు.

సాకును పట్టించేవి చిన్న చిన్న సంగతులే. హెచ్‌ఆర్ ఒక కారణం, మేనేజరు మరో కారణం చెప్పడం, నెల కిందట మెచ్చుకుంటూ రివ్యూ రాసి ఇప్పుడు పని బాగాలేదనడం, ఒకే తప్పుకు ఒకరికి హెచ్చరిక, మరొకరికి తొలగింపు. ఆధారాల కోసం కంపెనీ రహస్య పత్రాలను ఇంటికి చేరవేస్తే అది ఎదురుతిరుగుతుంది. 1995 మెక్‌కెనన్ తీర్పు ప్రకారం అలాంటి తప్పు తర్వాత బయటపడినా దావా నిలుస్తుంది కానీ, దక్కే పరిహారం తగ్గిపోతుంది. ఎప్పుడేం జరిగిందో, ఎవరేమన్నారో సొంత డైరీలో రాసుకోవడం అన్నిటికన్నా మేలు.

గెలిస్తే పాత జీతం, కొన్నిసార్లు ఉద్యోగం తిరిగి వస్తాయి. మానసిక వేదనకు ఇచ్చే పరిహారం, శిక్షారూప పరిహారం రెండూ కలిపి సంస్థ పరిమాణాన్ని బట్టి 50 వేల నుంచి 3 లక్షల డాలర్ల దాకా ఉండే హద్దును మించకూడదని 1991 పౌర హక్కుల చట్టం పరిమితి పెట్టింది. పూర్వీకుల జాతి ఆధారంగా వివక్ష అని చూపగలిగితే 1866 నాటి మరో పౌర హక్కుల చట్టం తోడొస్తుంది. దానికి ఈ పరిమితి లేదు, 15 మంది నిబంధనా లేదు.

భారతీయులు రెండు వైపులా

కత్రినా తుపాను తర్వాత సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే నౌకా నిర్మాణ సంస్థ సుమారు 500 మంది భారతీయ వెల్డర్లను, పైప్‌ఫిట్టర్లను మిసిసిపీకి, టెక్సాస్‌కు తెచ్చి, కంచె వేసిన శిబిరాల్లో ఇరుకు గదుల్లో కుక్కి, అద్దెను జీతంలోంచి కోసింది. 2015లో జ్యూరీ ఐదుగురికి 1.4 కోట్ల డాలర్లు ఇవ్వాలని చెప్పింది. ఈఈఓసీ వేసిన జాతీయ మూల వివక్ష కేసు కూడా అదే ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ అయింది.

మరోవైపు, భారతీయులకే పని ఇచ్చి ఇతరులను బెంచ్ మీద కూర్చోబెట్టి తీసేస్తున్నారన్న దావాలు ఐటీ సేవల కంపెనీలపై వచ్చాయి. 2018లో టీసీఎస్ తప్పేమీ లేదని కాలిఫోర్నియా జ్యూరీ చెప్పింది. 2024 అక్టోబరులో మరో జ్యూరీ కాగ్నిజెంట్ వివక్ష చూపిందని తేల్చింది. 2025 ఫిబ్రవరిలో ఈఈఓసీ, అమెరికన్లను కాదని వీసా ఉద్యోగులను తీసుకునే సంస్థలపై దృష్టి పెడతామని ప్రకటించింది. చట్టం ఎవరి మూలాన్నీ ప్రత్యేకించి చూడదు. మన ఊరివాడికే పోస్టు ఇప్పించే కన్సల్టెన్సీలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రెండు గడువులు

ఈఈఓసీకి ఫిర్యాదు 180 రోజుల్లోపు చేయాలి. వివక్షపై సొంత సంస్థ ఉన్న రాష్ట్రాల్లో 300 రోజులు. దావాకు అనుమతి పత్రం వచ్చాక 90 రోజుల్లో కోర్టుకెళ్ళాలి. ఉద్యోగం పోయిన హెచ్-1బీ మనిషికి దేశంలో ఉండేందుకు దొరికేది మాత్రం గరిష్ఠంగా 60 రోజులు. ఈ వెసులుబాటు 2017 జనవరిలో వచ్చింది. ఫిర్యాదు చేసినంత మాత్రాన అది పెరగదు. కొత్త స్పాన్సరును వెతకాలా, పిల్లల బడి సంగతి చూడాలా, లాయరును కలవాలా అని సతమతమయ్యే ఆ రెండు నెలల్లోనే సివరెన్స్ (తొలగింపు పరిహారం) కాగితం కూడా వస్తుంది. సంతకం పెడితే దావా హక్కు సాధారణంగా పోతుంది, ఈఈఓసీకి ఫిర్యాదు చేసే హక్కు పోదు. వీసా గడువుకు ముందే తీసేసిన యజమాని, ఉద్యోగి స్వదేశానికి తిరిగి వెళ్ళే ప్రయాణానికి సమంజసమైన ఖర్చు భరించాలి. అమెరికా విడిచి వచ్చేసినవారి ఫిర్యాదు హక్కు కూడా, గడువు లోపల ఉన్నంతకాలం, అలాగే ఉంటుంది.